తారు మీద నాలుగు చక్రాలు

మొదటి మూడు బండ్లనూ ఆమె కిందనుంచి చూసి వద్దంది. గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా పడుకుని, టార్చి వేసి, స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్‌ను, అంటే బండిని మోసే ఇనప చట్రాన్ని, కొట్టుకుంటూ పోయేది. మంచి ఇనుము టంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు చచ్చిపోతుంది. మొదటి రెండింటికీ తుప్పు. మూడోదానికి అడుగున నల్ల రంగు, ఇంకా వాసన వస్తోంది. "అడుగున ఎవరు చూస్తారని రంగు వేయించారు?" అని అడిగింది. అమ్మేవాడు నవ్వేశాడు. ఆమె సంచి మడిచి వచ్చేసింది.

ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఒకే దారి, ముప్పై ఒక్క స్టాపులు. రిటైరయ్యాక స్టాపుల్లేని దారిలో నడపాలనుకుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి అయితే మట్టి దారిలోనూ పోతుంది. వెనక సీట్లు తీసేస్తే పరుపు పడుతుంది.

నాలుగో బండి పదిహేడేళ్ల నాటిది. ఒక సర్వేయర్ వాడింది. తలుపుల నిండా ముళ్లకంప గీతలు, డ్రైవరు సీటుకు చిరుగు. అడుగున ఈ కొసనుంచి ఆ కొసదాకా టంగుమంది.

"మొహం చూసి మోసపోలేదు, నడుము చూసి తెచ్చావు అక్కా" అన్నాడు మెకానిక్. ఆమె బస్సును పదేళ్లు బాగుచేసినవాడు.

"నీ పెళ్లిచూపులకు కూడా నన్నే పిలవాల్సింది."

"మా ఆవిడ వింటుంది, మెల్లగా."

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే కొట్టు. ఆయన తుంటికి ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని రెండు వందల గజాలు నడుస్తాడు, తర్వాత కూర్చోవాలి. కిందటేడు ఆయన ఎక్కిన బస్సు ఊరి బయట చెడిపోయింది. మూడు కిలోమీటర్లు నడిచి వచ్చి నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు. అందుకని బండి ఇంటికొచ్చిన రోజే మాట తీసుకున్నాడు.

"ఒక్క ప్రయాణం వస్తాను. దారిలో ఆగిందా, అమ్మేయాలి. బతిమాలకూడదు."

"ఆగితే అమ్మేస్తాను. బతిమాలను" అంది.

ఆయన రాకపోతే ఆమె కూడా వెళ్లదు. ఆయన పక్కన లేకుండా నడపడం ఆమెకు ఆ ఇరవై ఆరేళ్లతో చాలు.

ఆరు వారాలు బండి మెకానిక్ షెడ్డులోనే ఉంది. ఇంజను ఆయిలు, గేరుబాక్సు ఆయిలు, ముందూ వెనకా యాక్సిళ్ల ఆయిలు, బ్రేకు ఆయిలు మార్చారు. బెల్టులు మార్చారు. రేడియేటర్ గొట్టాలు ఒక్కొక్కటీ నొక్కి చూసి నాలుగు తీసేశారు. టైర్లు అరగలేదు, కానీ వాటి పక్కన అచ్చేసిన తేదీ పాతదని ఆమె స్టెప్నీతో సహా అయిదూ మార్పించింది. ఆఖరి రోజు మెకానిక్ గేరు పక్కనున్న పొట్టి లివర్ చూపించాడు.

"ఇటు ఉంటే రెండు చక్రాలు లాగుతాయి, అటు వేస్తే నాలుగూ. బురద, ఇసుక, మట్టి, వీటిలోనే నాలుగు. తారు మీద వేయకు అక్కా."

"ఒకసారి చెబితే చాలు" అంది.

కొండ అవతల చెరువు దాకా నూట ఇరవై కిలోమీటర్లు. చివరి పదకొండు మట్టి దారి. ఆదివారం పొద్దున బయల్దేరారు. ఆయన ఒక చేత్తో కర్ర, రెండో చేత్తో కిటికీ పైనున్న పిడి పట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటాక పొట్టి లివర్ వైపు చూశాడు.

"ఇప్పుడు ఎన్ని లాగుతున్నాయి?"

"రెండు."

"మిగతా రెండూ?"

"ఊరికే తిరుగుతున్నాయి."

"అల్లుళ్లలాగా. నాలుగూ పట్టుకుంటే గట్టిగా ఉంటుంది కదా. వేయరాదూ?"

ఆమె ఆయన చెయ్యి చూసింది. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. బడి తెరిచిన మొదటి వారం ఏడ్చే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, హారన్ కొడతామంటే కొట్టనిచ్చి, లైటు వేయమంటే వేసి ఊరుకోబెట్టేది. ఏడుపు ఆగాక నెమ్మదిగా నడిపేది. రెండు కిలోమీటర్లు పోయాక తీసేయొచ్చనుకుని లివర్ అటు వేసింది. ఆయన చెయ్యి పిడి మీదనుంచి దిగి ఒళ్లోకి వచ్చింది. పది నిమిషాలకు నిద్రపోయాడు.

లివర్ మార్చితే కింద టక్కుమంటుంది. లేస్తాడేమోనని ఆమె మార్చలేదు. కొండెక్కేదాకా నలభై మలుపులు, అన్నీ తారే.

పైన మట్టి దారిలోకి తిరగబోతే స్టీరింగు బిగుసుకుంది. టైర్లు కీచుమన్నాయి. బండి రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. లివర్ పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది.

ఆయన కళ్లు తెరిచాడు. "ఆగిందా?"

"ఆగింది."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి మెకానిక్‌కు జరిగింది చెప్పింది.

"తారు మీద నాలుగు వేశావా అక్కా?"

"వేశాను."

"ఇంకెవరైనా అయితే తిట్టేవాణ్ణి." గొంతు సవరించుకున్నాడు. "మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనకవాటి దూరం వేరు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు జారనివ్వదు. నలభై మలుపుల మెలికా లోపలే ఉండిపోయింది."

"కీ ఎక్కువైంది" అన్నాడు ఆయన. "స్ప్రింగు బిగుసుకుపోయింది. వెనక్కి వదలాలి, అంతేనా?"

"అంతే బావగారూ. స్టీరింగు సూటిగా పెట్టి పది గజాలు వెనక్కి పోనివ్వండి."

వెనక కల్వర్టు ఉంది. అద్దంలో దాని అంచు కనబడదు. స్కూలు బస్సులో అయితే ఆయా దిగి చెప్పేది. ఆమె ఇంకా ఏమీ అనకముందే ఆయన తలుపు తీసుకుని, ముందు కర్ర ఆనించి, తర్వాత మంచి కాలు దించి దిగాడు. బండి పట్టుకుంటూ వెనక్కి నడిచి పక్కగా నిలబడ్డాడు. అరచేత్తో రేకు మీద ఒకసారి కొడితే రావచ్చని, రెండుసార్లు కొడితే ఆగాలని చెప్పాడు.

ఆరు గజాలు వచ్చేసరికి కింద ఏదో వదులైనట్టు టక్కుమంది. లివర్ రెండు వేళ్లకే వచ్చేసింది.

ఆయన ఎక్కి తలుపు వేసుకున్నాడు. "ఇంటికి పద."

చెరువు ఇంకా పదకొండు కిలోమీటర్లు. ఆమె బండి తిప్పింది. ఇల్లు చేరేదాకా ఆయన పిడి వదల్లేదు, నిద్రా పోలేదు.

మర్నాడు పొద్దున ఆమె బండి తీస్తుంటే ఆయన కొట్టు మూసి వచ్చి ఎక్కాడు. షెడ్డులో మెకానిక్ పొట్టి లివర్‌కు కిందున్న చిన్న గేరుబాక్సు అడుగు బోల్టు విప్పాడు. ఆయిలు పళ్లెంలోకి కారింది. బోల్టు చివర చిన్న అయస్కాంతం ఉంది, దానికి బూడిదరంగు మడ్డి అంటుకుని ఉంది.

"ఇందులో ఇనప ముక్కలుంటే గేరు పళ్లు విరిగాయని లెక్క. అప్పుడు నేనే అమ్మేయమంటాను" అన్నాడు మెకానిక్.

ఆయన చెయ్యి చాచి బోల్టు తీసుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, గడియారాలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని, మడ్డిని గోటితో కొంచెం కొంచెం గీకి వెలుగులో చూశాడు. మెకానిక్ ఏదో అనబోతే ఆమె వద్దని చెయ్యి చూపింది.

"పొడి ఉంది. ముక్క లేదు" అన్నాడు ఆయన చివరికి.

"పొడి మామూలే" అన్నాడు మెకానిక్.

"అయినా ఆగింది కదా" అంది ఆమె. "మాట ప్రకారం అమ్మేస్తాను."

"వేయమన్నది నేను."

"వేయకూడదని మీకు తెలీదు. నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు వేశావు?"

"మీ చెయ్యి దిగుతుందని."

ఆయన భూతద్దం తీశాడు. గుడ్డ అడిగి బోల్టు తుడిచాడు, మర చుట్ల మధ్య కూడా.

"నా భయం నేను చూసుకుంటాను. నువ్వు రోడ్డు చూడు" అన్నాడు. తర్వాత మెకానిక్ వైపు తిరిగి, "ఈ వాషర్ అరిగింది. కొత్తది ఉందా?" అని అడిగాడు.