ఈ వంక గాదు, ఆ వంక

మా ఆవిడ నాగలక్ష్మమ్మ ఒక మాట అన్నదంటే అన్నట్టే. నా గాలపు కట్టెలు మూడూ అటక మీదికి ఎక్కించి, "ఇంగోసారి నీళ్ళకాడికి పోయినావంటే ఇవి పొయ్యిలోకే" అంది. ఎండిన వెదురు బాగా మండుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి నా కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. కాలు కొంత తిరిగింది, ఊతకర్ర పట్టుకొని ఈడ్చుకుంటూ నడుస్తాను. చెయ్యి మాత్రం ఊరికే వేలాడుతుంది. అట్లాంటివాణ్ణి, రెండు నెలల కిందట ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి రిజర్వాయరుకు పోయాను. గట్టు మీద పడ్డాను. లేవలేకపోయాను. గొర్రెలు మేపుకునేవాళ్ళు చూసి ఇంటికి చేర్చారు. ముప్పై ఏళ్ళు కమలాపురం చుట్టుపక్కల కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్ ఓబుళేశును ఇద్దరు మనుషులు మూటలాగా దించుతుంటే వీధంతా నిలబడి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆనాటినుంచి మంచం, టీవీ, మాత్రలు. నీళ్ళ ఒడ్డున కూర్చోకుండా నేను బతకలేను. పోరగా పోరగా పోయిన ఆదివారం ఆమె కొంచెం మెత్తబడింది. స్టూలు వేసుకొని అటక మీదినుంచి ఒక్క కట్టె దించి నా ముందు పెట్టింది.

"ఒక్క సాయంత్రం. అల్లుడు తోడొస్తాడు గానీ చెయ్యెయ్యకూడదు. నీకు నువ్వే కూచోవాల, నీకు నువ్వే లేయాల. ఒక్క చేపన్నా నువ్వే పట్టుకొచ్చి నా కండ్లకు చూపియ్యాల. అట్ల చేస్తివా, వారవారం పో, నేను నోరెత్తను. లేదంటివా..." అని పొయ్యి వైపు చూపించింది.

"సరే" అన్నాను. అనక చస్తానా!

అల్లుడంటే మా మధులత మొగుడు భూపేష్. అమలాపురం పిల్లోడు, కడపలో బ్యాంకు ఉద్యోగం. మంచివాడే, కాదనను. చేపల మాట వస్తే మాత్రం "మా గోదావర్లో అయితేనండీ" అని మొదలుపెడతాడు. అది వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

వారమంతా మంచం మీద పడుకొని చోటు ఎంచాను. గాలం వేసేవాడికి సగం పని అదే. బండలు దిగి పోవాల్సిన నా పాత చోట్లన్నీ కొట్టేశాను. చివరికి చింతల వంక ఖాయం చేసుకున్నాను. వంక అంటే మా సీమలో వాగు. చింతల వంక రిజర్వాయరులో కలిసేచోట నేల గట్టిగా ఉంటుంది, స్కూటరు నీళ్ళదాకా పోతుంది, వంకలో కొట్టుకొచ్చే మేతకు చేపలు చేరతాయి. ఇంకేం కావాలి నాకు?

ఆదివారం నాలుగింటికి భూపేష్ స్కూటరు వెనక ఎక్కాను, ఎవరూ పట్టుకోకుండానే. రిజర్వాయరు ముందర దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారిలో ముందు ఎర్ర వంక వస్తుంది, అది చీలిక దగ్గరినుంచే కనిపిస్తుంది. దాన్ని దాటి పోతే చింతల వంక.

భూపేష్ బండి ఆపి, "ఎటు మావయ్యగారూ?" అన్నాడు.

"వంకకు పోనీ."

అతను ఎడమవైపు చెయ్యి చూపించి, "ఈ వంకకాండీ?" అన్నాడు.

చేతి కొసన ఎర్ర వంక కనిపిస్తోంది. "ఈ వంక గాదప్పా, ఆ వంక!" అన్నాను.

"ఆయ్" అని బండి నడిపాడు. దుమ్ముకు కళ్ళు మూసుకున్నాను. రెండు నెలల తర్వాత మొహానికి నీటిగాలి తగులుతుంటే ఎంత హాయిగా ఉండిందో! కళ్ళు తెరిచేసరికి రిజర్వాయరు కుడి ఒడ్డున, ఎప్పుడూ అడుగుపెట్టని చోట ఉన్నాను.

"ఇదేం చోటు? వంక యాడ?"

"మీరే కదండీ, ఈ వంక కాదు ఆ వంకన్నారు. ఆ వంకంటే అటువైపే కదండీ?"

"ఓరి నీ తెలుగు పాడుగాను! వంకంటే వాగప్పా, వాగు! నీళ్ళు పారేది!"

"మాకు వాగంటే వాగేనండీ. వంకంటే పక్క."

పళ్ళు కొరుక్కున్నాను. వెనక్కి తిరిగి చింతల వంకకు పోవాలంటే గంట. పొద్దుమునగడానికి ఉన్నదే గంటన్నర. భూపేష్ మొహం చిన్నబుచ్చుకొని, "పోనీ వచ్చే వారం వద్దామండీ" అన్నాడు.

"వచ్చే వారానికి కట్టెలుండవు నాయనా, బూడిదుంటాది. ఈడనే పడతా. చోటు నేను చూస్తా."

చూశాను. ఎండాకాలం కదా, నీళ్ళు వెనక్కి తగ్గి, చదునైన నేల విశాలంగా బయటపడింది. "ఇక్కడ కూర్చుందామండీ, నీళ్ళు దగ్గర" అన్నాడు భూపేష్.

"పైన పెచ్చు కట్టింది గానీ కింద అంతా బురద. ఆ కుక్క అడుగులు చూడు, సగం దూరం పోయి ఎట్ల తిరుక్కోనొచ్చినాయో. కుక్కకున్న తెలివన్నా మనకుండాల గదా?"

చదునుకు ఆనుకొనే ఒక బండల వరస నీళ్ళలోకి దిగుతోంది. పడమటి గాలి నురుగునంతా ఆ బండల మూలకే నెడుతోంది. నురుగు చేరేచోటికి మేత చేరుతుంది, మేత కోసం చేప వస్తుంది. చేప సంగతి సరే, నా సంగతి? వీపు ఆనించడానికి ఒక నిలువు బండ ఉంది. ఎడమ కాలు తన్నిపెట్టడానికి ముందర ఒక రాయి ఉంది. నాలాంటివాడికి సింహాసనమే. అక్కడే అని తేల్చేశాను.

అక్కడిదాకా నూటయాభై అడుగులు, పదిహేను నిమిషాలు పట్టింది. రెండుసార్లు అల్లుడి చెయ్యి ముందుకొచ్చింది. రెండుసార్లూ కసిరాను. కూర్చున్నాను, నాకు నేనే. కట్టెను మోకాళ్ళ మధ్య బిగించి ఎడమచేత్తో గాలానికి ఎరను గుచ్చాను. మొదట వేసిన గాలం బండకు తగులుకుంది. రెండోది నా చొక్కాకే తగులుకుంది. భూపేష్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. మూడోది నురుగులో పడింది.

పొద్దు వాలుతోంది. నీళ్ళ మీద బెండు కదల్లేదు. ఎర మార్చాను, మళ్ళీ వేశాను. చేప రాకపోతే ఇక మంచమే. అయినా కట్టె వదల్లేదు.

బెండు ఒక్కసారిగా మునిగింది. లాగాను. బరువు! కట్టె విల్లులా వంగింది. మూడు కిలోల రోహు నీళ్ళ పైకి వచ్చి పొర్లి, బురద చదును వైపు పరుగు తీసింది.

"మావయ్యగారూ, వదలకండి! నేను పట్టేస్తాను!" అని భూపేష్ చదును మీదికి దూకాడు.

"ఒద్దప్పా! ఒద్దు!"

నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగుకు పెచ్చు పగిలి తొడలదాకా దిగిపోయాడు. బయటికి రావాలని తన్నుకునేకొద్దీ నడుందాకా దిగాడు.

నా ఎడమచేతిలో కట్టె ఉంది, దాని కొసన చేప ఉంది. ఉన్నదే ఒక్క చెయ్యి. వదిలేశాను. రోహు కట్టెను కూడా లాక్కొని లోతుకు పోయింది.

"కదలొద్దు! బోర్లా పడుకో, చేతులు నా వైపు చాపు!"

ఊతకర్ర చాచాను, అతని చేతికి అందింది. లాగితే నా చేతిలోంచి జారింది. తువ్వాలు తీసి కర్ర కొసను నా కుడి మణికట్టుకు చుట్టి, ఎడమచేత్తో, పళ్ళతో ముడి బిగించాను. స్తంభాల మీద ముప్పై ఏళ్ళు వేసిన ముడి, ఒంటిచేత్తో కూడా పడుతుంది. వీపు బండకు ఆనించి, ఎడమ కాలు రాయికి తన్నిపెట్టి, ఉన్న బరువంతా వెనక్కి వేశాను. కుడి భుజం ఊడి వస్తుందేమో అనిపించింది. వస్తే రానీ అనుకున్నాను. నాలుగోసారికి అతను చెప్పులు బురదకు వదిలేసి, పాక్కుంటూ బండ మీదికి వచ్చి పడ్డాడు.

కాసేపు ఇద్దరమూ రొప్పుతూ ఉండిపోయాం. తర్వాత, "లేపమంటారా మావయ్యగారూ?" అన్నాడు.

"తాకినావంటే చూడు."

ఎడమ మోకాలి మీదికి దొర్లి, బండ పట్టుకొని, మూడో ప్రయత్నానికి లేచాను. లేచాను గానీ దేనికి? చేప లేదు. బండి మీద పోతుంటే ఏడుపు వచ్చింది. భూపేష్‌కు కనపడకుండా చొక్కాతో తుడుచుకున్నాను.

నాగలక్ష్మమ్మ గడపలో నిలబడి ఉంది. నా చేతులు చూసింది.

"చేప యాడ?"

చెప్పులు లేకుండా, గడ్డందాకా బురదతో భూపేష్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇదిగోండి అత్తయ్యగారూ, నేనే. డెబ్భై రెండు కిలోలండి. మావయ్యగారు ఒక్కరే లాగారు. నేను చెయ్యెయ్యలేదు, ఆయనే కూర్చున్నారు, ఆయనే లేచారు."

జరిగిందంతా చెప్పాడు. ఆమె నా కుడి మణికట్టు మీద తువ్వాలు కోసిన ఎర్రటి గీతను వేలితో తడిమింది. లోపలికి పోయింది. స్టూలు లాగిన చప్పుడు, అటక మీద కట్టెలు కదిలిన చప్పుడు వినిపించాయి. ఇక అవి పొయ్యిలోకే అనుకున్నాను.

మిగిలిన రెండు కట్టెలూ పట్టుకొని వచ్చింది. పొయ్యి దాటింది. నా మంచం పక్కన గోడకు ఆనించి, భూపేష్ వైపు చూసింది.

"వచ్చే ఆదివారం యా వంకకు పోవాల్నో, ఈ పిల్లోనికి ఇప్పుడే సరిగ్గా చెప్పు" అంది.