చేపలు తేలిన రోజు నీళ్లు

మా పదహారు రోజుల పండగ ఇంకా రాలేదు. మెడలో పసుపు తాడు పచ్చిగానే ఉంది. పొద్దున్నే మా అత్తగారు పోతమ్మ దానికి పసుపు ముద్ద రాస్తుంటే చల్లగా, చక్కిలిగిలిగా ఉంటుంది. నేను మెలికలు తిరుగుతాను. "కదలకే!" అని కసురుతారు. నాకు ఆ కసురు కూడా ముద్దుగానే ఉంటుంది. ఆ తర్వాత మా ఆయన అశోక్ బండెక్కి మల్కాపురం నుంచి యూనివర్సిటీ దాకా అతని వీపుకి ఆనుకుని వెళ్లడం మరీ బాగుంటుంది.

మా ల్యాబులో ఒక్కొక్కరిదీ ఒక్కో చదువు. నాది కెమిస్ట్రీ, హిమబిందుది ఎలక్ట్రానిక్స్. ఆమె గోరంత గాజుబిళ్ల మీద వెంట్రుక కంటే సన్నని కాలవలు చెక్కుతుంది. నేను వాటి లోపల నానో రేణువులు పూస్తాను. నూనె మురికి కలిసిన నీళ్లు వాటిలోకి వెళితే ఊదా రంగు యూవీ దీపం కింద పచ్చగా వెలగాలి. మంచినీళ్లయితే చీకటిగానే ఉండాలి.

మా మామగారు అప్పలసూరి ఇప్పటికీ చేపల వేటకి వెళతారు. మా పెళ్లికి ముందు ఒకనాటి పొద్దున్న రేవు దగ్గర చేపలు వెల్లకిలా తేలాయి. ఆయన కూల్‌డ్రింకు సీసా కడిగి ఆ నీళ్లు పట్టి ఉంచారు. అధికారులు వచ్చేసరికి పోటు వచ్చి అంతా కడుక్కుపోయింది. "నీళ్లలో నూనె కలిసిందనడానికి రుజువేదీ?" అన్నారట. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు, అన్నం తిన్నావా అని అడక్కముందే ఆ సీసా నా చేతిలో పెట్టారు.

మొన్న ఆ నీళ్లు నా బిళ్లలో వెలిగాయి. ఎంత పచ్చగానో! ఇంకో బిళ్ల, ఇంకో బిళ్ల... వెలుగు చూడాలనే సంబరంలో సీసా అడుగంటా వాడేశాను. ఫొటో తీసి ఇంటికి పంపాను.

నిన్న హిమబిందు నా బిళ్లలో ఉత్త డిస్టిల్డ్ వాటర్ వేసింది. అదీ వెలిగింది.

"ఏటే ఇది? ముందు ఉత్త నీళ్లతో సూడనేదా నువ్వు?"

లేదన్నాను. ఆమె దీపం నా వైపు తిప్పింది. నా గ్లవ్స్ వేళ్ల కొసలు, కోటు గుండీ, మెడలో తాడు, పసుపు అంటినవన్నీ అదే పచ్చదనంతో వెలిగాయి.

"ఓలమ్మో, కొత్త పెళ్లికూతురా! మాటిమాటికీ ఆ తాడు తడుముకుంతన్నావు. అదే సేత్తో బిళ్లలు ముట్టుకున్నావు!"

ఆమె పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఖాళీ సీసా కంటపడేదాకా నవ్వాను.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మామగారు వల బాగుచేసుకుంటున్నారు. మర్నాడు పడవల వాళ్లందరితో కలిసి ఆ అధికారుల ఆఫీసుకి వెళ్లడానికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మేకుకి వేలాడుతోంది.

"మామయ్యా, ఆ ఫొటో ఎవరికీ చూపించకండి. అది నీళ్ల వెలుగు కాదు. నా పసుపుది."

అత్తగారు వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. "నాను రాసిన పసుపా?"

"అయితే నీళ్లలో ఏటీ నేదా?" అన్నారాయన.

"ఉందో లేదో తెలీదు. చెప్పే నీళ్లే అయిపోయాయి."

"మళ్లీ పట్టుకొత్తే సరిపోదేటి?" అన్నాడు అశోక్.

"ఇప్పుడున్నవి ఆ రోజు నీళ్లు కావు కదా."

మామగారు వల వదిలేశారు. "అందరికీ సెప్పీసేను. మా కోడలు పట్టేసిందని."

ఆయన లేచి చొక్కా తీసి మడత పెట్టారు.

"సీసా తెచ్చేవా?"

బ్యాగులోంచి తీసి ఇచ్చాను. కుళాయి కింద మళ్లీ మళ్లీ కడిగి, వల పక్కన బోర్లించారు.

"ఇంకోపాలి తేలితే పడతాను," అన్నారు. వల మళ్లీ అందుకుని, "తేలకూడదనే మొక్కుకుంతన్నాను," అన్నారు.

ఇవాళ పొద్దున్న అత్తగారు పసుపు గిన్నెతో వచ్చి తటపటాయించారు. "రాయమంతావా?"

"రాయండి అత్తయ్యా. ల్యాబులో తాడుకి గుడ్డ చుట్టుకుంటాను."

పసుపు చల్లగానే తగిలింది. ఆవిడ నన్ను కదలవద్దని కసరాల్సిన అవసరం రాలేదు.