నిచ్చెన పైమెట్టు

భాద్రపద మాసాంతమున నొక ఆదివారపు అపరాహ్ణము. తొలిజామున కురిసి వెలిసిన వర్షముచే స్నాతయై విజయనగర పట్టణము నీరెండలో మెఱయుచుండెను. వీథిగుంటలయందు నిలిచిన స్వచ్ఛజలములలో ధవళమేఘఖండములు తమ ప్రతిబింబములతో గూడి మందగమనమున సాగుచుండెను. కోటగోడలపై మొలచిన నాచు హరితకౌశేయమువలె నిగనిగలాడుచుండెను. అట్టి వేళ గ్రంథాలయపు వెనుక వసారాలో పండ్రెండుగురు అంధులు చాపలపై గుమిగూడి చదరంగక్రీడకు సంసిద్ధులై యుండిరి.

ఆ పోటీని నెలకొల్పినవాడు కామేశము. కళాశాలలో ముప్పది సంవత్సరములు భౌతికశాస్త్రము బోధించి విశ్రమించిన ఆతడు ఆషాఢమున నొక వెదురునిచ్చెనను గోడకు చేరవేయించి పండ్రెండు మెట్లకును పండ్రెండు పలకలు గట్టించెను. ఒక్కొక్క పలకపై నొక్కొక్కరి నామము వ్రేళ్లకు దెలియు చుక్కల లిపిలో పొడువబడి యుండెను. ప్రతి ఆదివారమునను ఎవరైనను తమకు పైనున్న రెండు మెట్లవారిలో నొకరిని సవాలు చేయవచ్చును. గెలిచినచో పలకలు తారుమారగును. ఆ దినమే కడపటి ఆదివారము. సాయంకాలమునకు పైమెట్టున నిలిచిన యొక్కరే విశాఖపట్టణమున జరుగు రాష్ట్రపోటీకి పోవుదురు.

హార్మోనియములు బాగుచేసి జీవించు గవర్రాజు అఱువదియెనిమిదేండ్ల వృద్ధుడు. మొదటినుండియు పైమెట్టు ఆతనిదే. ఆసుపత్రి టెలిఫోను గదిలో పనిచేయు పైడితల్లి అట్టడుగున ఆరంభించి రెండవ మెట్టు వఱకు ఎగబ్రాకి ఆతనిచేతిలో రెండుమార్లు ఓడెను. ఇది మూడవ సవాలు. ఊరు దాటి పరులతో నొక్క ఆటయైనను ఆడవలెనని ఆమెకు గల కాంక్ష యెంతటిదో చెమర్చిన యరచేతులను చీరచెంగున పదేపదే తుడుచుకొనుటవలననే తెలియుచుండెను.

అంధుల చదరంగపు బల్లయందు గడిగడికి నొక రంధ్రముండును. పావులు మేకులవలె అందు దిగియుండును. ఆటగాండ్రు వ్రేళ్లతో తడవియే పావుల నెలవు లెఱుగుదురు. ఇరువదియవ యెత్తున పైడితల్లి తన గుఱ్ఱముపై వ్రేళ్లు నిలిపి చాలసేపు ఆలోచించి చేతిని మంత్రివైపునకు జరిపెను.

తీర్పరియైన కామేశము చేయెత్తి వారించెను.

"ఆగమ్మా. గుర్రాన్ని ముట్టుకున్నావు. ముట్టిన పావునే ఆడాలి. అది నియమం."

ఆ గుఱ్ఱము కదలినచో దాని మఱుగుననున్న మంత్రి చచ్చును. మంత్రితో ఆటయు ముగియును.

"ఏటి మాస్టారూ! తడమకపోతే ఏది ఎక్కడుందో నాకెలా తెలుస్తాది? కళ్లతో సూసిన పావులన్నీ మీరు ఆడేస్తారేటి?"

కామేశము చలింపలేదు. ఆతని హస్తమున నున్న నియమగ్రంథము చూపుగలవారికొఱకు వ్రాయబడినదని ఆతనికి తట్టలేదు. అప్పుడు అనాయాసవిజయము లభింపనున్న గవర్రాజే తల యెత్తెను.

"మాస్టారూ, మేకు కన్నంలోంచి ఊడితే టిక్కుమంటాది. నాకు ఇనపడనేదు. ఎత్తితేనే లెక్క. తడిమితే లెక్కంటే నాను ఈ పూటకే ముప్పైసార్లు ఓడిపోవాల."

"తాతా, ఊరుకుంటే నువ్వే గెలుద్దువు గదా!" అని పైడితల్లి విస్మయమందెను.

"నోర్ముయ్యే గుంటా. అలా గెలిసెల్తే ఇశాపట్నం సముద్రం నన్ను సూసి నవ్వుద్ది. నిన్ను నా ఆటతోనే ఓడిస్తాను. ఆడు."

కామేశము వివర్ణవదనుడై పుస్తకమును మూసెను. "తప్పు నాది. మీ పద్ధతేమిటో అడగకుండానే తీర్పరిగా కూర్చున్నాను. ఆడమ్మా."

ఆట సాగెను. ఇంతలో నీలజలదములు దిక్కులను గప్పెను. వాన భోరున కురియ నారంభించెను. విద్యుద్దీపములు ఆఱిపోయెను. వసారా కాటుకబరిణె యయ్యెను. ఆటగాండ్ర వ్రేళ్లు మాత్రము ఒక్క క్షణమైనను తొట్రుపడలేదు.

"ఆటకట్టు, తాతా," అనెను పైడితల్లి.

"కాస్త ఉండండి. నాకేమీ కనిపించడం లేదు," అనెను కామేశము.

నవ్వులు చెలరేగెను. "సేతులున్నాయి గదా మాస్టారూ!" అని గవర్రాజు పలికెను.

కామేశము బల్లపై చేయి మోపెను. బంటును తడవి రాజనుకొనెను. పైడితల్లి ఆతని మణికట్టు బట్టి అసలు రాజుపై నిలిపెను. ఆతడు చిన్నపిల్లవానివలె చుట్టునున్న గడులను ఒక్కొక్కటిగా తడవెను. ఇచట మంత్రి అడ్డము. అచట గుఱ్ఱము కాపు.

"నా రాజును ముట్టేసినారు. ఇంక మీరే ఆడాల మాస్టారూ!" అని గవర్రాజు పరిహసించెను.

"ఆడడానికి గడి మిగల్లేదు, గవర్రాజు గారూ."

వసారాయంతయు చప్పట్లతో మాఱుమ్రోగెను. గవర్రాజు నిట్టూర్చి లేచి నిచ్చెన సమీపించి తన పలకను తన చేతులతోనే విప్పి పైడితల్లి పలకను పైమెట్టున గట్టి ముడిని గట్టిగా లాగి చూచెను. పరుల స్థితి నెఱుగగోరువాడు తానును కొంత చీకటిలో చేయి చాపవలసియుండును. ఆ సాయంకాలము కామేశమునకు లభించిన విద్య యదియే. పైడితల్లి మునివేళ్లపై నిలిచి పైమెట్టుననున్న తన పేరును ఎడమనుండి కుడికి మెల్లగా చదువుకొనెను. నమ్మకము చాలక మఱల మొదటినుండి చదువసాగెను.