విహ చెవి అచ్చు

నేను ఒక చెవి మిషన్‌ని. చిక్కుడు గింజంత ఉంటాను. నన్ను ఎక్కడ తయారుచేశారో సరిగా గుర్తులేదు గాని, విహ కోసం అచ్చు తీసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. డల్లాస్ పక్కన పిల్లల వినికిడి కేంద్రంలో, రెండేళ్ళ ఆ పిల్ల ఎడమచెవిలో మెత్తటి ముద్ద పెట్టి, గట్టిపడ్డాక తీశారు. ఆ ఆకారంలోనే నాకు తొడుగు చేశారు. నేను సర్కారు సొత్తును. నన్ను విహ వాళ్ళకు ఊరికే, వాడుకుని తిరిగిచ్చేలా ఎరువుగా ఇచ్చారు.

అంతకుముందు విహను పిలవాలంటే తల్లి జమున స్టీలు పళ్ళెంతో నేలమీద కొట్టేది. చెక్క నేల అదిరితే పిల్ల తిరిగి చూసేది. నన్ను పెట్టిన రోజు జమున పళ్ళెం ముట్టలేదు. వెనక నిలబడి మెల్లగా "విహా" అంది. పిల్ల తిరిగింది. పొయ్యిమీద పాలు పొంగిపోయాయి, ఆమె చూసుకోనేలేదు.

అలా కొన్ని నెలలు. ఒక మధ్యాహ్నం పక్కింటి హైమక్క వచ్చింది.

"జమునా, కొత్త రూల్ వస్తున్నదట. సర్కారు సాయం తీసుకున్నోళ్ళ వీసాలు ఆపుతరట. మీ ఆయనది రెన్యువల్ ఎప్పుడే?"

"వచ్చే నెలక్కా. మిషన్ గూడ సాయమే అయితదా?"

"ఏమో తల్లీ. మేమైతే సర్కారోళ్ళిచ్చే పాలడబ్బాలు గూడ తీసుకునుడు బంద్ పెట్టినం."

హైమక్క గొంతు బాగా తగ్గించి చెప్పింది. గుసగుసల్ని పెంచడమే నా పని అని మనుషులు మరిచిపోతుంటారు. బిర్యానీ హోటల్లో వంటచేసే విహ నాన్న గంగాధర్, మిషన్ వాపసు ఇచ్చేద్దామా అని భార్య అడిగితే "నీ ఇష్టం" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇక భయమంతా జమున ఒక్కతెకే మిగిలింది.

మర్నాడు కేంద్రంలో వాళ్ళు ఫోన్లో తెలుగు మాట్లాడే ఆవిడను కలిపారు.

"అమ్మా, పాప మిషన్‌కీ మీ వీసాకీ సంబంధం లేదంటున్నారండీ."

"గట్లని రాసిస్తరా మేడం?"

ఆవిడ ఆ మాట వాళ్ళను ఇంగ్లీషులో అడిగింది.

"రేపు రూలు ఎలా మారుతుందో వాళ్ళకీ తెలీదటండీ. రాసివ్వలేరట."

జమున నన్ను తీసి, వాపసు తీసుకొమ్మని వాళ్ళ బల్లమీద పెట్టింది. విహ చెవి తడుముకుని తల్లి పెదాలవైపు చూసింది.

నన్ను ఆపాలంటే బ్యాటరీ మూత తెరవాలి, అది ఎవరికీ గుర్తురాలేదు. అందుకే కేంద్రం వాళ్ళ సొరుగులో పడ్డాక కూడా వింటూనే ఉన్నాను. బయట జమున "విహా" అంది. కాసేపాగి మళ్ళీ అంది. ఆ తర్వాత అరచేత్తో తలుపు చెక్కమీద కొట్టిన చప్పుడు.

ఇప్పుడు బ్యాటరీ అయిపోయింది. ఎప్పుడో నన్ను తుడిచి ఇంకో పిల్లకు ఇస్తారు. ఈ తొడుగు మాత్రం ఏ పిల్లకూ పట్టదు. విహ చెవి పెరుగుతూ ఉంటుంది. వాళ్ళమ్మకు ధైర్యం వచ్చేసరికి, తనకూ పట్టదేమో.