సముద్రానికి ఎదురుగా ఎడమచెయ్యి

తిరువొత్తియూరు జాలరుల కుప్పంలో తెల్లవారితే ముందు లేచేవి కాకులు, తరవాత మునియక్క, ఆ తరవాత ఏళుమలై. మునియక్క చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇసకలోకి వచ్చేసరికి ఏళుమలై నీటి అంచున పంచె ఎగగట్టి, ఎడమ భుజం సముద్రానికి చూపించి నిలబడి ఉండేవాడు. తను పనిచేసే ఫ్యాక్టరీ కూత వేసేదాకా అదే పని.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన మరుసటి ఏడు అది. ఉత్తర మద్రాసులో పేటపేటకీ ఒక బాక్సింగు గుంపు, గుంపుకొక వాద్యారు. కుప్పం గుంపుకి వాద్యారు అంతోని. ఒకప్పుడు హార్బరులో మూటలు మోసినవాడు, ముక్కు విరిగి ఒక పక్కకి ఒదిగిపోయినవాడు. వచ్చిన ప్రతి శిష్యుడికీ ఆయన మొట్టమొదట నేర్పేది ఇంగ్లీషువాళ్లు జాబ్ అనే దెబ్బ. గుంపులో అందరూ దాన్ని లెఫ్టు అనేవాళ్లు.

చూసేవాడికి అదేమంత దెబ్బలా కనపడదు. ముందున్న ఎడమచెయ్యి తిన్నగా పోతుంది, తిన్నగా వెనక్కి వస్తుంది, అంతే. కాని అది పుట్టే చోటు చూడాలి. వెనకనున్న కుడికాలి మునివేళ్లు నేలను నెడతాయి. ఎడమ పాదం నేలను వదలకుండా జానెడు ముందుకి జారుతుంది. ఆ పాదం ఆనే క్షణానే పిడికిలి తగలాలి. చెయ్యి ముందు పోతే అందులో బరువుండదు. కాలు ముందు పోతే ఎదుటివాడికి కబురు అందిపోతుంది. రెండూ కలిసి పడితే అది లెఫ్టు. ఆ వెంటనే కుడికాలు కూడా జానెడే జరగాలి, కాళ్ల నడుమ ఎడం మారకూడదు. పిడికిలి పోయిన దారినే చెంప దగ్గరికి తిరిగి రావాలి. అంతసేపూ కుడిచెయ్యి దవడను కాచుకునే ఉండాలి.

తడి ఇసక మీద నేర్పడం అంతోనికి అందుకే ఇష్టం. మడమ లోతుగా దిగిందంటే బరువు వెనకే ఉండిపోయిందన్నమాట. అడుగు చెదిరిందంటే తొందరపడ్డాడన్నమాట. పైగా అక్కడ సముద్రం ఉంది. లెఫ్టు సరిగ్గా పడితే ఎదురొచ్చే అల ఆగి, పాదం ఎంత జరిగితే అంత మేర వెనక్కి తగ్గేది. తప్పితే మోకాళ్లదాకా తడిపేది. మిగతా శిష్యులు రోజూ తడిసి ఇళ్లకు పోయేవాళ్లు. ఏళుమలై కాళ్లు మాత్రం పొడిగా ఉండేవి.

"ఏమప్పా ఏళుమలై, ఇంకొంచెం వెనక్కి తొయ్యి. నెత్తళ్లు పరిచేదానికి చోటు చాల్లా" అనేది మునియక్క.

"ఉండత్తా, ఊపిరి తీసుకోనీ."

"నీకు ఊపిరి, నాకు యాపారం. ఎండ వచ్చేస్తా ఉండాది."

అతను ఇంకో నాలుగు లెఫ్టులు వేసేవాడు. నీళ్లు తప్పుకున్న చోట ఆమె వల పరిచి, దానిమీద ఆ సన్నచేపల్ని ఎండబోసేది.

కుప్పంవాళ్లకి నచ్చనిది వేరే ఉంది. పోటీల్లో ఏళుమలై ఎవరినీ పడగొట్టడు. పాయింట్ల మీద గెలుస్తాడు, వచ్చేస్తాడు. వాషర్‌మెన్‌పేట మైదానంలో ఒకసారి వెనక బెంచీల నుంచి ఎవడో అరిచాడు:

"ఏం వాద్యారే! మీవోడు గుద్దతా ఉండాడా, తలుపు తడతా ఉండాడా?"

అంతోని వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "తడతానే ఉండాడు. నీకు దమ్ముంటే లోపలికి వచ్చి చూడు!"

జనం నవ్వారు కాని మాట నిజమే. ఆ ఎడమచేతిని దాటి ఎవడూ లోపలికి రాలేకపోయేవాడు. ఎంత మోటు మనిషైనా ఏళుమలై ముందు చెయ్యి బారెడు దూరంలో గింగిరాలు తిరిగి, రొప్పి, అలిసిపోయేవాడు. పడగొట్టే దెబ్బలు అంతోని చాలా చూశాడు. కోపం అనేదే లేకుండా మనిషిని ఉన్నచోట నిలబెట్టే చెయ్యి ఆయనకి ఇదొక్కటే కనిపించింది.

చిక్కేమిటంటే ఆ దూరం రింగు బయట కూడా అతన్ని వదిలేది కాదు. మునియక్క కూతురు పొన్నుతాయి అంటే అతనికి ప్రాణం. ఆమె చెంబుతో నీళ్లు తెస్తే చెయ్యి చాచి అందుకునేవాడు, అంతకు మించి ఒక్క అడుగు వేసేవాడు కాదు. అడగాల్సిన మాట నోటిదాకా వచ్చి, పిడికిలిలాగే పోయిన దారిన తిరిగి వచ్చేసేది. ఆమె ఖాళీ చెంబు తీసుకుని, కాస్త ఆగి చూసి, వెళ్లిపోయేది.

ఆ ఏడు కార్తీకం వానల్లో సముద్రం ముందు వరస గుడిసెల్ని మింగేసింది. ఇక ముందున్నది మునియక్క గుడిసే.

"నీళ్లు గడప తాకిన దినం మూట కట్టేస్తా" అని ఆమె అందరికీ చెప్పేసింది. "నెల్లూరు పక్క నా తమ్ముడుండాడు. పోయి ఆడనే ఉంటాం. ఈ పిల్లకీ ఆడనే ఒక సంబంధం చూసేస్తా."

ఏళుమలై ఆ మాట విన్నాడు. ఆ రోజు అతని పాదాలు తడిశాయి.

తరవాత నాలుగు రోజులకే గాలివాన పట్టుకుంది. ఫ్యాక్టరీ మూసేశారు. మధ్యాహ్నానికే దీపాలు పెట్టే చీకటి. నీళ్లు అరుగు దగ్గరికి వచ్చేశాయి. లోపల మునియక్క గిన్నెలు మూట కడుతోంది. ఏళుమలై పరిగెత్తుకొచ్చి గుడిసెకీ సముద్రానికీ మధ్య నిలబడి లెఫ్టు వేశాడు. అల ఆగింది, జానెడు తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ వేశాడు.

అంతలో వెనక్కి చూస్తే పొన్నుతాయి మూట నెత్తికెత్తుకుంటోంది. అతనికి ఒళ్లు మండింది. పెద్ద అల లేస్తుంటే, బలమంతా కుడిచేతిలోకి తెచ్చుకుని గుండ్రంగా విసిరాడు. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. అల అతన్ని బోర్లా పడేసి, పైనుంచి పోయి, అరుగు అంచు కరిగించుకుని వెనక్కి జారింది.

"డేయ్!" గోనెపట్టా కప్పుకుని అంతోని వచ్చాడు. "ఎవుర్ని పడగొట్టాలని రా? సముద్రం కింద పడితే పదిదాకా లెక్కపెట్టేదానికి రెఫరీ ఎవుడుండాడు ఈడ?"

ఏళుమలై ఉప్పునీళ్లు ఉమ్మాడు. "వాళ్లు పోతా ఉండారు వాద్యారే."

"పోతా ఉంటే? దాన్ని ఓడించమని నిన్నెవురు అడిగినారు? ఆడనే నిలబెట్టు, చాలు. చెయ్యి తరవాత. కాలు చూసుకో, కాలు."

ఏళుమలై లేచాడు. ఎడమ భుజం తిప్పాడు. కుడి మడమ కొంచెం లేపి, మోకాళ్లు వదులు చేసి, గడ్డం దించాడు. ఆ తరవాత అతను వేసిన లెఫ్టుల్ని చూసినవాళ్లు చాలా ఏళ్లపాటు వాటిని తలుచుకున్నారు. మునివేళ్లు నెడితే పాదం జారడం, పాదం ఆనితే పిడికిలి తగలడం, పిడికిలి తిరిగి వచ్చేలోపు వెనక కాలు వచ్చి కలవడం. తొందర లేదు, ఆలస్యమూ లేదు. సముద్రం పక్కనుంచి రాబోయింది. అతను ఎడమ మునివేళ్ల మీద తిరిగి ఎదురుగా ఉన్నాడు. ఆగినట్టు నటించి మీదికి దూకింది; అతను ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాడు. మైదానంలో గేలి చేసినవాళ్లు కూడా వానలో తడుస్తూ నిలబడి చూశారు. "అబ్బ, ఆ కాళ్లు చూడండ్రా" అని ఎవరో మెల్లగా అన్నారు, దేవుడి ఎదుట నిలబడి అన్నట్టు.

జానెడు జానెడుగా నీళ్లు వెనక్కి పోయాయి. అరుగు తేలింది, వాకిలి తేలింది. మునిగిపోయిన ముందు వరస గుడిసెల గుంజలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ వరసలో గుడిసె పోగొట్టుకున్న కన్నియమ్మ రుబ్బురోలు బయటపడితే ఆమె పోయి, "ఇన్నాళ్లు ఎంత తిప్పలుపడినానో" అంటూ దొర్లించుకుపోయింది. వాన సన్నబడేసరికి సముద్రం గుంజలకి అవతల నిలబడి, ఇంక ముందుకి రాకుండా అటూ ఇటూ మెసులుతోంది.

మునియక్క వాకిట్లోకి వచ్చి చూసింది. మూట దించి, ముడి విప్పింది. "పొయ్యంతా తడిసిపోయుండాది" అని ఎవరి మీదో విసుక్కుంటూ లోపలికి పోయింది.

ఏళుమలై ఇంకా చేతులు దించలేదు. దించడం మరిచిపోయాడు. పొన్నుతాయి పొడిగుడ్డ తీసుకుని ఇసకలో నడిచి వచ్చింది. చెయ్యి బారెడు దూరంలో ఆగలేదు. చాచిన పిడికిలిని దాటి, మోచెయ్యిని దాటి, అతని ఊపిరి తగిలేంత దగ్గరికి వచ్చి, నెత్తురు కారుతున్న వేలి కణుపులు తుడిచింది.

"ఇంక మామ ఊరికి పోయే పని లేదు" అంది, గుడ్డ వంక చూస్తూ. "అమ్మతో నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

ఇంత దగ్గరికి వచ్చిన మనిషి ముందు ఏ కాలు ఎక్కడ పెట్టాలో అంతోని ఎన్నడూ నేర్పలేదు. అతని కుడి మడమ వెనక్కి పోబోయి, ఆగింది.

"నేనే చెప్తా" అన్నాడు ఏళుమలై. ఎడమచెయ్యి దించి, పాదాలు రెండూ పక్కపక్కన పెట్టి, ఆమె ముందు తిన్నగా నిలబడ్డాడు.