నిండుగా ఉన్న చర్చి

చర్చి తాళాలన్నీ ఆయన మొలకే వేలాడుతుంటాయి కాబట్టి ఆయన అందరికీ తాళాల తాత. రోడ్డుకు అవతల గిటార్లతో, డ్రమ్ములతో కొత్త సంఘం వెలిసినప్పటి నుంచి ఇక్కడి కుర్రకారు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. ఖాళీ బెంచీలను చూసి పాస్టరుగారి గొంతు ప్రసంగం మధ్యలోనే నీరుగారిపోయేది. అది చూడలేక తాత ఒకరోజు మూడో కంటికి తెలియకుండా వెనక బెంచీ ఒకటి తీసి కొట్టుగదిలో పడేశాడు. మనుషులు తగ్గినప్పుడల్లా ఒక బెంచీ తగ్గింది, మిగిలినవి కాస్త ఎడంగా జరిగాయి.

"మనది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది తాతా! ఏడాది నివేదికలో కూడా అదే రాశాను," అని పాస్టరుగారు మురిసిపోతుంటే తాత లోలోపల మీసం దువ్వుకునేవాడు.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో కొత్త కుటుంబం ఒకటి వచ్చి గుమ్మంలో నిలబడింది. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, కర్ర ఊతంగా ఒక ముసలావిడ. లోపల కూర్చోవడానికి చోటు లేదు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా, బెంచీ తెస్తాను!" అంటూ తాత కొట్టుగదికి పరుగెత్తాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన పదకొండు బెంచీల్లోంచి పైదాన్ని దించి, ఈడ్చుకుంటూ, ఆయాసపడుతూ వచ్చేసరికి గుమ్మం ఖాళీ. రోడ్డుకు అవతల ఆ ముసలావిడను చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తున్నారు.

లోపల పాస్టరుగారి ముఖం వెలిగిపోతోంది.

"చూశారా! చోటు చాలక జనం వెనక్కి వెళ్లిపోతున్నారు!"