నీలి వేలిముద్ర

నేను ఒక నాటకం కరపత్రాన్ని. పుట్టింది తెనాలిలో ఓ చిన్న ప్రెస్సులో, చవక గులాబీరంగు కాగితం మీద. ఒక్క పూటలో వెయ్యిమందిమి పుట్టాం. జట్కా ఎక్కించి, డప్పు కొట్టిస్తూ మమ్మల్ని వీధుల్లో విసిరారు. మావాళ్లలో చాలామంది ఆ సాయంత్రానికే పకోడీలు మోశారు.

నా మీద పెద్దక్షరాల్లో "కృష్ణుడు: శ్రీ కొమ్మూరి సాంబయ్య" అని ఉంటుంది. అది నిజం కాదు. ఆ మధ్యాహ్నం సాంబయ్యగారికి గొంతు పూడుకుపోయింది. టిక్కెట్లు అమ్ముడయ్యాక వేషగాడు మారాడని చెప్పుకునే కంపెనీ ఎక్కడైనా ఉంటుందా? గుట్టుచప్పుడు కాకుండా, చెలికత్తె వేషాలు వేసే తులశమ్మని కృష్ణుణ్ణి చేశారు. దూరంగా కూర్చున్నవాళ్లకి తెలియలేదు. తెలిసినవాళ్లు పద్యం బాగుందని ఊరుకున్నారు. వన్స్‌మోర్లన్నీ సాంబయ్యగారి పేరు మీదే చెలామణీ అయ్యాయి.

రంగులు పూసే కోటిలింగానికి ఓ అలవాటుండేది. ఎవరి తర్వాత ఎవరు రంగుకి కూర్చోవాలో, మిగిలిపోయిన కరపత్రం వెనక రాసుకునేవాడు. ఆ రోజు నేను దొరికాను. నీలిరంగు బొటనవేలితో నన్ను పట్టుకుని, తిరగేసి రాశాడు. ఆ ముద్ర నా ముందువైపు మూలన ఉండిపోయింది. తర్వాత అతని పెట్టెలో పడ్డాను. ఆ పెట్టెతోనే గుంటూరులోని ఈ పాతపత్రాల భాండాగారానికి చేరాను. అరవై ఏళ్లకి పైగా నన్నెవరూ తిరగేయలేదు.

ఈ వేసవిలో ప్రణీత అని, ఎం.ఏ. చదివే అమ్మాయి మమ్మల్ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి వచ్చింది. శ్రద్ధ గల పిల్ల. మా మీద ఊపిరి పడకుండా మొహం పక్కకి తిప్పుకునేది. అచ్చు ఉన్న వైపే స్కాన్ చేయమన్నారు, చేసింది. మరకలు తీసేయమన్నారు, తెర మీద ఆ నీలి ముద్రని ఆనవాలు లేకుండా చెరిపేసింది. "ఎంత నీట్‌గా వచ్చిందో!" అని మురిసిపోయింది కూడా. నాకు ఒళ్లు మండింది. కాగితానికి ఒళ్లు మండటం క్షేమం కాదని ఊరుకున్నాను.

మర్నాడు తులశమ్మ కూతురు నాగరత్నంగారు వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. ఊళ్లో రంగస్థల కళాకారుల మీద సంచిక వేస్తున్నారట.

"మా అమ్మ కృష్ణుడి వేషం కట్టిందంటే, చెలికత్తెకి కృష్ణుడేంటని నవ్వుతున్నారమ్మా. కాగితం చూపిస్తేనే పేరు వేస్తారంట. శనివారంతో ఆఖరు."

ప్రణీత ఆవిడ చెప్పిన ఊరి పేరు, ఏడాది బట్టి తెర మీద నన్ను వెతికి చూపించింది. "ఇందులో సాంబయ్యగారని ఉందండీ. వేరే ఏమీ లేదు."

"ఆ పేరు నాకూ తెలుసులే తల్లీ. అసలు కాగితం ఏదీ?"

నన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడ అచ్చుకేసి చూడనే లేదు.

"ఇదుగో, ఈ నీలం కోటిలింగం మావయ్యది. రంగు చేతుల్తోనే రాసేవాడు. ఓసారి వెనక్కి తిప్పమ్మా."

తిప్పింది. పెన్సిలు రాత ఇంకా చెక్కుచెదరలేదు. "మొదట కృష్ణుడు, తులశమ్మ. సాంబయ్యకి గొంతు లేదు."

నాగరత్నంగారు ఏడవలేదు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగారు. తాగాక, "అమ్మ చెప్పినప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని" అన్నారు.

ప్రణీత నన్ను రెండువైపులా మళ్లీ స్కాన్ చేసి, ఆవిడకి కాపీ ఇచ్చింది. తర్వాత నా వివరాల పట్టీ తెరిచి, 'లోపాలు' అన్న గడిలో రాసింది: "నీలి వేలిముద్ర ఉంది. తుడవవద్దు."